చెమ్మ

బేస్తవారం రాత్రి సర్దాబులో తెల్లగుడ్డ కట్టి
దలాల్ సినిమా ఆడించింది.
నలుపూ తెలుపూ. యూరపంట. ఏ దేశమో అడగలేదు,
ఇంట్లో కూడా కోటు విప్పని దేశం.
మాటలు వాళ్ళవి, కింద అక్షరాలు అరబ్బీవి,
నాకు రెండూ రావు.
చాయ్ గ్లాసులు పంచి పోతాంటే
"కూర్చో ఓబూ, నువ్వూ చూడు" అనింది.
ఓబులమ్మలో సగమే పలుకుతుంది ఆ పిల్లకు.
కువైటుకొచ్చిన పదకొండేండ్లలో, ఈ ఇంట్లో
కూర్చో అనే మాట ఇది రెండోసారి.
మొదటిది నా కాలు విరిగిన రోజు.

సినిమాలో ఒక ఇల్లు.
భోజనాల గదిలో గోడకు చెమ్మ పుడుతుంది.
మొదట అరచేయంత. తర్వాత తలకాయంత.
సగం సినిమాకు భుజాలొచ్చి, నడుమొచ్చి,
ముఖం లేని మనిషంత.
సూపు తాగుతా ఎవురూ దాని దిక్కు చూడరు.
రాత్రయితే ఒక్కొక్కరే వస్తారు, చెప్పుల్లేకుండా.
తల్లి చెవి ఆనించి నిలబడుతుంది.
తండ్రి దానికి చుట్ట అందిస్తాడు,
తీసుకోలేదని ఏడుస్తాడు.
కొడుకు సున్నం పూసి
తెల్లారేలోగా గోటితో గీకుతాడు.
కూతురు గౌను విప్పి మేకుకు తగిలించి
దాని పక్కనే నిలబడి
తానూ గోడయిపోవాలని చూస్తుంది.

దలాల్ స్నేహితురాండ్లు ఊపిరి బిగపట్టినారు.
నేను పనిమనిషిని చూస్తాంటి.

నాలుగుసార్లే వచ్చింది.
నాలుగుసార్లూ బకెట్టుతోనే.
గుడ్డ మణికట్టుతో పిండింది, భుజంతో కాదు.
అట్లా పిండితే రెండేండ్లు రావు చేతులు.
సున్నం కొడతా ముఖం పైకెత్తింది.
ఒకసారి సున్నం కంట్లో పడినోళ్ళు
మళ్ళీ ఎత్తరు.
ఇంటోళ్ళు తలా ఒక దిక్కు పోయినాక
ఖాళీ గదిలో ఆమె ఒక్కతే,
మెల్లగా గోడ దిక్కు తిరిగి
ఏదో చెయ్యబోయింది.
బొమ్మ ఆగిపోయింది. దీపాలు. చప్పట్లు.
"తర్వాత?" అన్నా.
"అంతే" అనింది దలాల్.
"అది గోడ కాదు ఓబూ, చెమ్మ కాదు. రగ్బా."

రగ్బా.
గ్లాసులు కడుగుతా ఆ మాటకు మా మాట వెతికినా.
కోరిక, దేవునికి చెప్పుకునేది.
ఆశ, వడ్డీ యాపారిది.
మోజు నాలుగు రోజుల్ది.
గోడలోంచి మనిషంత లేసేదానికి
మా పుల్లంపేటలో పేరు పెట్టలేదు,
పెట్టినా నాకెవురూ చెప్పలేదు.

ఇల్లంటే నాకు మాసిన గుడ్డల్లో తెలుస్తుంది.
బాబా వాకిట్లో కారు ఆపి
ఏసీ ఆడిస్తా గంటసేపు దిగడు.
దిష్‌దాషాకు వీపు దిక్కే మడతలు.
మామా కొత్త అత్తరు సీసా
మూత తీయకుండానే చెత్తలో వేసి
తెల్లారి నన్నే వెతికి తెమ్మంటుంది.
మిషారీ జేబులో రెండో ఫోను,
నీళ్ళల్లో పడకముందే తీసి దిండు కింద పెడతా.
ఆరేండ్లయింది. నేనడగను, వాడు చెప్పడు.
చుట్టాలొస్తే గోడలు తట్టి చూపిస్తారు,
ఎడారిలో చెమ్మ యాడిది అని.

మిద్దె మెట్ల కింద నా గది.
ఏసీ పైపు కారి, ఆగస్టులో,
నా గోడకూ ఒకటి మొదలయింది.
దానికి భుజాల్లేవు.
మొగోడు కాదు, ఆడది కాదు,
నేను వదిలొచ్చినోడు అస్సలు కాదు.
ఒక రాత్రి రైక తీసి వీపు ఆనించినా.
చల్లగా ఉండింది. అంతే.
అబద్ధం. అంతే కాదు.

మొన్న మామా తలుపు తీసి చూసి
"పెయింటు తెప్పిస్తా, నువ్వే కొట్టు" అనింది.
సరే అన్నా.
పెద్ద సూట్‌కేసు నిలువుగా లేపి
దానికి అడ్డం పెట్టినా.
డబ్బా వచ్చి వారమయింది, మెట్ల మీద ఉంది.
రోజూ దాని చుట్టూ తుడుస్తా,
భుజంతో పిండి.