బొంత లోపలి బట్ట

నా టేపు అరవై అంగుళాలు.
అతను ఎనభై రెండు.
బొటనేలు నొక్కిపెట్టి మళ్ళీ మొదట్నించి కొలవాల.
స్టూలెక్కితే గాని భుజాలు అందలేదు.
షాపు బయట గుణుపురం గుణుపురమంతా నిలబడి
నేను కొలుస్తున్నది మనిషినా, కరెంటు స్తంభాన్నా అని చూస్తోంది.

పేరు డెల్రాయ్. ఇంటిపేరుకి నాకు నోరు తిరగదు.
అమెరికా నించి ఏడు వారాల ఆటకని
పాత్రో సావుకారు తన రైసుమిల్లు టీములోకి తెప్పించినాడు.
కళ్ళం మీదే బాస్కెట్‌బాలు:
పగలు ఉప్పుడు ధాన్యం ఆరతాది,
సాయంత్రం ఊడ్చి సున్నం గీతలు గీస్తారు.
బంతి పడ్డ చోటల్లా ఊక లేస్తాది.
అతను ఎగిరితే గింజలేరుకునే పిట్టలూ ఎగురుతాయి.
దిగినప్పుడు మాత్రం
మోకాలు పట్టుకుని కాసేపు ఎవర్నీ చూడడు.

ఒక సంత రోజు, గోనెసంచంత బ్యాగు తెచ్చి
కత్తిరింపుల బల్ల మీద బోర్లించినాడు.
పదకొండు బనీన్లు. పదకొండు ఊళ్ళు.
ఆ అక్షరాలు నాకు రావు, వెనక నంబర్లు చదివినాను:
ఒకదాని మీద ముప్పై నాలుగు, ఒకదాని మీద ఏడు.
ఏ నంబరు ఖాళీగుంటే అదే ఇచ్చేవోరట.

తర్జుమాకి సవర గుంటడు సొంబరు ఉన్నాడు.
ఇంటరు తప్పినాడు గాని సినిమా ఇంగ్లీషు బోలెడు.
"ఇది ఫిన్లాండు. తలుపు తీస్తే మంచు గోడంట.
ఇది సైప్రసు. మూడు నెలల జీతం ఎగ్గొట్టినారంట,
ఓనరు కూతురి పెళ్ళికి మాత్రం పిలిచినారంట.
ఇది లెబనాను. వారం రోజులు మెట్ల మీద పడుకున్నాడంట,
ఎందుకో చెప్పలేదు.
ఇది ఉరుగ్వే. ఇక్కడ బాగుంది అంటన్నాడు, అంతే."
జపాను రెండో తరగతి బనీను మీద
రక్తం మరక. ఉతికినా పోలేదు. అతనిది కాదంట.

అన్నీ కలిపి బొంత కుట్టమన్నాడు.
అతని పొడుగుకి దుప్పటి ఏ దేశంలోనూ దొరకలేదంట;
పద్నాలుగేళ్ళూ కాళ్ళు బయటే.

అప్పుడు తీసినాడు అడుగునున్న పన్నెండోది.
ప్లాస్టిక్ కవరు. మడత విప్పని బట్ట. చెమట వాసన లేదు.
వాళ్ళ దేశంలో పెద్ద టీముదంట.
తొమ్మిది రోజులు ఆడించి చూసి, పదో రోజు
అతను లేచేసరికే సామాను సర్దించి
గుమ్మం బయట పెట్టినారంట.
దీన్ని లోపల పెట్టు, అక్షరాలు కనబడకూడదు, అన్నాడు.

ముప్పై ఏళ్ళుగా కుడతన్నాను.
ఎవరమైనా చిరిగిందాన్నే లోపల పెడతాం.
చిరగందాన్ని పెట్టమన్నోడు ఇతనొక్కడే.
నాకు చెయ్యి ఆడలేదు. ఖాయమేనా అడుగు, అన్నాను సొంబరుతో.
వాడు అడక్కుండానే, ఖాయమే, అన్నాడు.

కుట్టినాను. దబ్బనం రెండుసార్లు వంగింది.
అయినా కాళ్ళ దగ్గర జానెడు తగ్గింది.
ఆ రాత్రి పర్లాకిమిడి చేతిలో ఓడిపోయి వచ్చినాడు.
ఒంటి మీది మా ఊరి పసుపు బనీను తీసి
తడిది తడిగానే బల్ల మీదేసినాడు.
దాని మీద పేరు నేను కుట్టిందే,
ఒడియాలో ఓ పక్క, తెలుగులో ఓ పక్క.
రెండూ తప్పేనంట.

ఆఖరి వారం డబ్బులకి బదులు
సావుకారు మూడు బస్తాల బియ్యం ఇచ్చినాడు.
ఒకటి సొంబరుకి. ఒకటి కళ్ళం ఊడ్చే ఆడోళ్ళకి.
మూడోది నా కుట్టుకూలి. పుచ్చుకున్నాను, అబద్ధమెందుకు.

పొద్దుటి రైలుకి ఎల్లిపోనాడు.
టేషను బెంచీ మీద ఓసారి కప్పుకుని చూసుకున్నాడంట.
కాళ్ళు మునిగినాయా అంటే సొంబరు
ఒకసారి అవునంటాడు, ఒకసారి గుర్తులేదంటాడు.

అంచు సమం చేసినప్పుడు
ఆ పన్నెండోదాంట్లోంచి బెత్తెడు ముక్క తెగింది.
పారెయ్యలేదు. దానికే సూదులు గుచ్చి పెట్టుకుంటాను.
ఇదేటి గుడ్డ అని ఎవరైనా చెయ్యి పెట్టబోతే
అక్షరాలున్న వైపు కిందికి తిప్పీస్తాను.