ఆరున్నొక్కటి

స్కాన్‌లో ఏమీ లేదన్నారు కాకినాడలో.
ఫిల్ముని కిటికీ వెలుగులోకి ఎత్తి చూపించాడు కుర్ర డాక్టరు.
వలిచిన కాయలా ఉంది, ఒక్క పీచు లేదు.

మరి మా ఆయన
టీ గ్లాసు చేత్తో పట్టుకునే
టీ ఏదే అంటాడు.

అంబాజీపేట కొట్లో ముప్పై ఏళ్లు లెక్కగాడు.
చేతికి రెండేసి కాయలు
ఈ రాశి మీంచి ఆ రాశి మీదకి విసురుతూ
లాభం, రెండూ, మూడూ అని రాగం తీస్తుంటే
లారీవాళ్లు బీడీ ఆరిపోయినా చూసుకునేవారు కాదు.
పల్లయ్య ఎంచిన రాశిని
మళ్లీ ఎంచే మగాడు లేడు.

పదిహేడు రోజులు గొట్టంతో ఊపిరి.
పీక్కుంటున్నాడని మంచానికి చేతులు కట్టేశారు.
ఆ పదిహేడు రోజులూ తను కోటిపల్లి రేవులో
పంటు మీద ఉన్నానంటాడు.
కట్టు ఎవరూ విప్పలేదంట.
చీకట్లో ఎవరో టిక్కు టిక్కుమని
తన కాయలు ఎంచుతున్నారంట,
తప్పుగా.
అది మాత్రం మరుపు రాదు.
పొద్దున తిన్న కూర మరుపొస్తుంది.
కూతుర్ని పిలవబోయి నా పేరు, మేక పేరు
వరసగా పిలిచి నవ్వేస్తాడు.
ఆ నవ్వుకి మేకొక్కటే పలుకుతుంది.

కోలుకున్నాడుగా, ఇంకేం, అంటారు జనం.
ఒంటిని చూసి అంటారు.
కాలవ నిండుగానే ఉంది, నిజమే.
చేలోకి నీరెక్కట్లేదు.
బోదె ఎక్కడ పూడిందో
లస్కరుకీ తెలీదు.

పొద్దువాలాక పెరట్లో
ఇరవై కాయలు పోస్తాను ఆయన ముందు.
ఇరవయ్యేనని చెప్పను.

ఇవాళ
లాభం. రెండు. మూడు. నాలుగు.
ఐదు.
ఆరు.
చెయ్యి గాల్లో ఆగిపోయింది.

రాశి దగ్గర ఆ అంకె పలక్కూడదు, ఏడుపంటుకుంటుందని
మా మామగారు నేర్పిన దాటు అది.
ముప్పై ఏళ్లు చూడకుండా దాటాడు.
దాటే మాటే పోయింది.
నాకేసి చూశాడు,
పంటు మీంచి గట్టుకేసి చూసినట్టు.
నేను అందించలేదు. డాక్టరు అందించొద్దన్నాడు.

"ఏడు" అన్నాడు.

అపశకునమే.
అయినా లెక్క తప్పలేదు కదా.

ఎనిమిది దగ్గర అలిసిపోయానని లేచాడు.
మిగతా పన్నెండూ చీకట్లో నేనే ఎత్తాను,
నోటితో ఏ అంకే అనకుండా.