మూడో గడి

రాయదుర్గం దాటినాక, కణేకల్ రోడ్డు పక్కన
రిగ్గు లారీ నీడలో కూర్చుని లెక్క రాసేవాణ్ణి నేను.
అడుగుకింత, కేసింగు పైపుకింత,
డీజిలు, కూలోళ్ల టీ, అరిగిన బిట్టు.
ఏ ఊరికైనా మా లారీ కంటే ముందు
వన్నూరప్ప టెంకాయ చేరేది.

అరచేతిలో పడుకున్న టెంకాయ
ఉన్నట్టుండి లేచి నిలబడుతుంది.
"ఈడే" అంటాడు. సున్నం చల్లుతారు.
మేము రాతిలోకి దిగుతాం.
తెల్లటి పిండి లేస్తుంది.
మొహాలు, శెనక్కాయ ఆకులు, ఎద్దుల రెప్పలు
అన్నీ ఒకటే రంగు.

నీళ్లు పడిన రోజు తిప్పక్క
తడి మట్టి నోట్లో వేసుకుని ఏడ్చింది.
ఆ సంగతి మూడు మండలాలు తిరిగింది,
టీ కొట్లో, బస్సులో, పెండ్లి పందిట్లో:
"వన్నూరప్ప చేయంటే చేయి!"
పడని రోజు మాత్రం
"వాని రాత" అన్నారు.
"ఇంకో యాభై అడుగులు పోయుంటే" అన్నారు.
"ఎవురో కన్ను పెట్టినారు" అన్నారు.
పడనోడు బళ్లారి బస్సెక్కి పోయినాడు.
టీ కొట్లో వాని కత చెప్పేటోడు లేడు.
ఎండు బోరు మీద ఒక బండ,
అంతే సాక్ష్యం.

నా పుస్తకంలో మాత్రం రెండూ ఉన్నాయి.
తెలివుండి రాసింది కాదు.
ఎండు బోరుకూ డీజిలు అంతే కాలుతుంది, అందుకు.

వాన రాని ఒక శ్రావణంలో, పని లేక,
వెనక పేజీల నుంచి లెక్కబెట్టినాను.
టెంకాయ లేచిన చోట్లు నలభై రెండు.
నీళ్లు పద్నాలుగింట.
తర్వాత ఇంకోటి గుర్తొచ్చింది:
గట్టు అడ్డమొచ్చో, పక్కోడు దారియ్యకో
టెంకాయ చెప్పినచోటికి పోలేక
లారీ ఆగినచోటే దించినవి పద్దెనిమిది.
వాటిలో ఆరు.
అక్కడా మూడింట ఒకటి, ఇక్కడా మూడింట ఒకటే.
టెంకాయకూ, దారి దొరకని లారీకీ
ఒకటే జ్ఞానం.

గెలిచినోనిలా నవ్వుకున్నాను.
పుస్తకం చంకన పెట్టుకుని వన్నూరప్ప ఇంటికి పోయినాను.
జొన్నరొట్టె, ఊరిమిండి తింటా ఉన్నాడు.
చివరిదాకా విన్నాడు. కోపం రాలేదు.
"లేచేది మాత్రం నిజమప్పా.
నేను లేపను. నా చెయ్యి లేపుతాదేమో.
నాకు తెలీకుండా నా చెయ్యి ఏం జేస్తాదో
నాకెట్ల తెలుస్తాది?"
రొట్టె సగం విరిచి నాకిచ్చి
"నీ పుస్తకంలో నీవి రాసినావా?" అన్నాడు.

నావేముంటాయి? నేనేం టెంకాయ పట్టేవాణ్ణా?
దారి పొడుగునా అదే అనుకున్నాను.
ఇల్లు చేరేసరికి ఆ మాట
నాలుగొందల అడుగులు దిగిపోయింది.

మా ఎర్రిస్వామి అబద్ధాలకోరని
ఊరందరికీ చెప్పింది నేనే, వాని తండ్రిని.
ఒక నెల రాసినాను.
మొదటి గడిలో వాడు చెప్పింది.
రెండో గడిలో జరిగింది.
అబద్ధాలు ఐదు.
నిజాలు ఎనభై దాటినాక చెయ్యి నొచ్చి ఆపినాను.
ఇన్నేండ్లూ ఈ ఎనభైలు ఏ బండ కింద ఉన్నాయో!
ఆ ఐదింటి పక్కన మూడో గడి గీసినాను:
అప్పుడు నా చేతిలో ఏముండె?
నాలుగుసార్లు బెల్టు.
ఐదోసారి ఏమీ లేదు.
ఊరికే చెప్పినాడు, పిల్లోడు గదా.

బెల్టు ఇంకా మేకుకే ఉంది.
పారేసినానని రాస్తే
ఆరో అబద్ధం నాదవుతుంది.
చెయ్యి అటు పోయినప్పుడల్లా
ఆ పోయేది చూస్తున్నాను, అంతవరకే.

మొన్న నా చేలో బోరు వేయించినాను.
మూడింట ఒకటని తెలిసీ
వన్నూరప్పనే పిలిచినాను.
టెంకాయ లేచింది.
నా ఒంటి మీద వెంట్రుకలు గూడా.

పడిందా అని అడుగుతారు అందరూ.
ఒక్క బోరును అడిగితే ఏం తేలుతుంది?
పుస్తకం ఇప్పుడు ఎర్రిస్వామి రాస్తున్నాడు.
పోయి వాణ్ణి అడగండి.
నిజమే చెప్తాడు,
ఎక్కువసార్లు.