పదకొండణాలు

పటాన్‌చెరు కాడ బీరు కాసే కంపెనీల కొలువు నాది.
కాసుడు కాదు, డ్రమ్ములు కడుగుడు.
శనివారం మా సారు ఒక సీసా, ఒక కాగితం చేతుల పెట్టి
"మీ ఊళ్లె తాగించి మార్కులు ఏయించుకరా" అన్నడు.
బ్రౌన్ ఏల్ అంట. లేబుల్ ఇంకా అచ్చు కాలే.

చండూరుల బస్సు దిగి
ఇత్తడి బిందెలు సాపు చేసే సప్పుడు దాటి
సక్కగ అండాలు పెద్దమ్మ కల్లు దుకాణానికి పోయిన.
ముప్పై ఏండ్ల సంది, పొద్దుగాల లొట్టి దిగంగనే
మొదటి గుక్క ఆమెదే.
మింగది.
పుక్కిట పట్టి, కండ్లు మూసి, ఉమ్మి,
గోడ మీద బొగ్గుతోని గీత గీస్తది.
ఏ చెట్టు ఏ నెల ఎట్ల పారిందో
అంత ఆ గోడ మీదనే.

"రంగు సూడనీకి గాజు గ్లాసు, రుచికి రేక" అన్నది.

"రంగు?" అని కాగితం సదివిన.
గ్లాసు ఎండకు పట్టి పండ్లు ఇకిలించింది.
"నా పండ్ల రంగే, రాస్కో.
నలభై ఏండ్లు బోరు నీళ్లు తాగితే వచ్చింది నాకు.
మీరెన్నొద్దులల్ల తెచ్చిర్రు?"
"పద్దెనిమిది."
"అగ్గువనే."

"వాసన?"
"పెనం మీద మర్సిపోయిన జొన్నరొట్టె.
అడుగంటిన పాకం.
దాని కింద... ఆగు...
కొత్త కుండల మొదటిసారి నీళ్లు పోసినట్టు."
కాగితం మీద ఒక్క గీతంత జాగనే ఉన్నది.
అంచుల పొంటి రాసిన.

"నురుగు?"
ఏలుతోని ముట్టింది.
"పట్టుగున్నది. కానీ ఈగ వాలలే.
ఈగ వాలని దాన్ని నేను నమ్మ."
అంతల్నే ఒకటి వాలింది.
"సరే, తీయి."

అప్పుడు రేకల వొంపుకొని తాగింది.
మింగింది.
మూలకు కూసున్న సాయిలు
గుడాల పొట్లం పక్కకు పెట్టి మరీ సూసిండు.
"ముందట తీపి. నడుమ ఏంచిన పుట్నాలు.
ఆఖరుకు చేదు,
పోతా పోతా అనుకుంట గడప కాడ నిలవడి
ఇంకో ముచ్చట తీసే సుట్టం లెక్క.
పొమ్మన బుద్ధి గాదు."

"దేంతోని చేస్తరు?"
చెప్పిన.
బార్లీ నానవెట్టి, మొలకలు రానిచ్చి,
తెల్లమొన బయటపడంగనే వేడిగాలి కొట్టి
ఆడికే ఆపి, ఏంచుతరని.
ఈ తీపంత గింజ
ఆ మొలక కోసం దాసుకున్నదని.

పెద్దమ్మ రేక దించింది.
"మొలిసినంక సంపుతరా?"
"ఊ."
శానసేపు ఏం అనలే.
"మేం గూడ ధర్మాత్ములం గాదు బిడ్డా.
పూటపూటకు గెల గీస్తం,
కాయ గానియ్యం, పండు పండనియ్యం.
కాకుంటే చెట్టుకొక పేరుంటది.
కుంటి తాడు, బాయి కాడి జంట, పిడుగు పడ్డది...
తాగుతుంటే ఫలానాదని యాదికొస్తది.
దీని పేరేంది?"
"బ్రౌన్ ఏల్."
"అది రంగు పేరు. గింజది అడుగుతున్న."
రాజస్థాన్ కెల్లి బస్తాలల్ల వస్తదని తప్ప
నాకేం తెల్వది.

"ఐదుకు ఎంతేస్తవ్?"
"ఐదేంది? పదహారణాలకైతే పదకొండు."
ఫోన్ల లెక్కగట్టిన.
మూడు పాయింట్ నాలుగు మూడు.
సారుకు పంపిన.
కడమ ఐదణాలు యాడ వోయినయో ఆయన అడగలే.

నేను చెప్పులేసుకుంటుంటే
ఖాళీ సీసా కడిగి ఆముదం పోసుకుంట అన్నది.
పీకిన మూత మళ్ల పట్టదని తెలిసినంక
ఇంకో అణా కోసింది.
అప్పటికే మార్కులు పోయినయ్.