పడనివి

కాశీబుగ్గ ఆసుపత్రిలో
ఎత్తు బల్ల మీద కూకోబెట్టినాడు నన్ను.
కాళ్ళు నేలకందవు.
పాతికేళ్ళ గుంటడు, పేరు హేమసుందరట.
రబ్బరు సుత్తి తీసి
మోకాలి సిప్ప కింద టక్కుమని ఏసినాడు.

నాకు నవ్వొచ్చినాది.
నలభైరెండేళ్ళు పలాస బట్టీలో
జీడిపిక్క మీద నానేసిన దెబ్బే అది.
గట్టిగా ఏస్తే గుండు బద్దలైపోతాది, కూలి కోసేస్తారు.
మెల్లగా ఏస్తే పెంకు ఇడదు.
ఆ నడిమి దెబ్బ సేతికే తెలుసు,
నాకు తెలీదు.

కాలు ఊసెత్తలేదు.
మల్లీ ఏసినాడు.
నిద్దట్లో ఉన్నోల్ని పిలిస్తే
కూసింత సేపటికి ఊఁ అన్నట్టు
పాదం ఇలా కదిలి ఊరుకున్నాది.

"కబురు ఎళ్తంది దాలమ్మగారూ, ఆలస్యంగా ఎళ్తంది.
కాలు తడబడిన సంగతి ఎన్నుకి సేరి
జవాబు కండలోకొచ్చేసరికి
మీరు నేల మీదుంటారు."

పోయిన కార్తీకంలో అలాగే అయినాది మరి.
కరెంటు లేదు. దొడ్డికెళ్తన్నాను.
కాలవ మీద పలక ఊగినాది.
పలక ఊగినట్టు తెలిసినాది.
పడతన్నానని తెలిసినాది.
సెయ్యి సాపాలని కూడా తెలిసినాది.
అన్నీ తెలిసినాయి,
సెయ్యే రాలేదు.
రెండు పళ్ళు, ఒక పక్కటెముక.

ముందు ఇలాక్కాదు.
ముందు సెయ్యొచ్చీది, తెలివి ఎనకాలొచ్చీది.

బస్సులో వస్తా లెక్కేసుకున్నాను.
అరవైతొమ్మిదేళ్ళలో పడినవి నాలుగే.
ఏ రోజు, ఎక్కడ, ఎవులు లేవదీసినారో
అన్నీ సెప్పగలను.
మరి పడనివో?

వజ్రపుకొత్తూరు తోవలో
ఇసకలో మడమ మెలి తిరిగినపుడు
నెత్తి మీద పిక్కల గంప, కడుపులో ఏడో నెల.
ఎడం కాలు దానంతటదే ముందుకి దూకినాది.
గంపలోంచి ఒక్క పిక్క రాలలేదు.
పక్కన బైరాగమ్మతో ఆడతన్న మాట తెగనైనా తెగలేదు.
ఊడుపుల్లో గట్ల మీద,
పాసి పట్టిన నూతి కాడ,
కదిలిపోతన్న రైల్లోంచి దిగినపుడు
ఎన్నిసార్లు పట్టుకున్నాదో నన్ను.

ఎవులది? పేరేటి?
అమ్మోరికి కోడినిచ్చినాను, మొగుడికి కూడెట్టినాను,
దీనికేటెట్టినాను?
ఇంటెనక కాపలా మనిషిలాగ
జీతం అడక్కుండా ఉన్నాది ఇన్నాళ్ళూ.
ఇపుడు దానికీ వయసైపోనాది.
పిలిస్తే ముందు కర్ర ఎతుక్కుంటాది.

మర్నాడు మద్దినం కూడు తిన్నాక
బట్టీలో ఈ ఊసు సెప్పినాను.
కోకలు మోకాళ్ళ పైకి లాక్కుని
పిక్కల మూటలెక్కి వరసగా కూకున్నారు అందరూ.
నా సుత్తికి గుడ్డ సుట్టి
ఒక్కోదానికీ కొట్టుకుంటా ఎళ్ళినాను.
సూరమ్మది పలికినాది.
ఎర్రయ్యమ్మది పలకలేదు. అది పెద్దగా నవ్వేసి
కళ్ళు తుడుసుకున్నాది.
నలభై నిండని రవణమ్మ కాలు
ఇలా తగలగానే అలా ఎగిరి
గుండ్ల పళ్ళేన్ని తన్నేసినాది!

నేలంతా తెల్లటి గుండ్లు.
మేస్త్రి తిట్లు.
మోకాళ్ళ మీద పాకుతా ఏరినాం పన్నెండు మందిమీ.
ఆ ఎత్తు నుంచి ఎవులూ పడరు.

రోజూ పొద్దున్నే మంచం పక్కన నిలబడి
ఒంటికాలి మీద పది లెక్కెట్టమన్నాడు హేమసుందరు.
ఎవులైనా సెప్పకుండా
ఎనక నుంచి మెల్లగా తొయ్యాలట.
మనవరాలికి అదో ఆట.

నిన్న తోసినాది.
గోడ అందలేదు.
ఒంగిపోతన్నాను, ఒంగిపోతన్నాను,
అపుడు కదిలినాది ఎడం కాలు,
ఆ ఇసకలో దూకినదే.
సిగ్గుపడతా, ఆలీసంగా
వచ్చి నిలబడ్డాది.

"పర్లేదులే" అన్నాను దానితో.
"నువ్వు బేగి రాకపోయినా
నానే కూసింత మెల్లగా పడతాను."