వంతు

రాత్రి రెండూ పదికి వైనతేయ పడిపోయింది.
పాయ కాదు. భీమవరంలో, ఐసు ఫ్యాక్టరీ పైగదిలో
మేం పేరు పెట్టుకున్న మూడో సర్వరు.
దాని బరువు గౌతమి ఎత్తుకుంది. కాసేపు రొప్పింది,
అదీ ఒరిగింది.
వశిష్ఠ ఒక్కటే
నాలుగొందల చెరువుల ఊపిరి లెక్క
నెత్తిన పెట్టుకుని మూగబోయింది.

నిమిషానికోసారి ఆక్సిజనూ, ఉప్పూ, వేడీ.
ఎవరే గడియలో వెతికినా
టక్కున దొరకాలని
అన్నీ గుర్తుంచుకోమన్నాను.
రోజుకో సూచీ, సూచీకి పది ముక్కలు,
ముక్కకో నకలు.
ఖాళీ ముక్కా చోటడుగుతుందని
అప్పుడు తెలీదు నాకు.

ర్యామ్ కొందామంటే
సత్తిరాజు గారు మేత బిల్లు తిరగేస్తూ
"మొన్నేగా కొన్నాం" అన్నారు.

నిద్ర పట్టక, తెల్లారగట్ల
ఉండి లాకుల దాకా బండి మీద వెళ్ళాను.
శివారు రైతెవరో కేకలేస్తున్నాడు.
లస్కరు తాతబ్బాయి చక్రం మీంచి చెయ్యి తియ్యలేదు.
"తలుపులన్నీ ఎత్తేస్తే గట్టు తెగుద్దండి, ఆయ్.
వంతు రేపు మీదే.
గోదారంతా కాలవలో పడతాదేటండీ?
గోదారి గోదాట్లోనే ఉంటాది."

వచ్చి కూర్చున్నాను.
రోజుల్ని నెలల్లో కలిపాను.
రైతులు రాసిన మాటల్ని అక్షరక్రమంలో పేర్చాలని
ఎప్పుడో నేనే పెట్టిన ముచ్చట ఒకటుంది,
ఒక్కరూ అడగలేదు,
జ్ఞాపకంలో సగం అదే తింటోంది.
సిగ్గేసింది. తీసేశాను.
పాత పంటల్ని డిస్కు మీదికి దింపి
వేసవి కాలవలా కట్టేశాను.

తొంభై దాటిన గీత
నలభై ఒకటి దగ్గర ఆగింది.
కింద ఐసు దిమ్మలు లారీ ఎక్కుతున్న చప్పుడు
ఆ రోజే మొదటిసారి విన్నాను.

పదకొండింటికి కాళ్ళకూరు నించి ఫోను.
"మూడేళ్ళ కిందట, జనరేటరు ఆగిన రాత్రి
మా చెరువులో ఊపిరెంతుందో చూడమ్మా."
కట్టేసిన తలుపు. ఎత్తాను.
తొమ్మిది సెకన్లు.
నిన్నటిదాకా అయితే అర సెకను.
అవతల ఆయన ఏమీ అనలేదు,
వెనక ఏరియేటర్లు తిరుగుతున్నాయి.

"మూడింటికి, సున్నా పాయింటు తొమ్మిదండి."

"జబ్బు కాదన్నమాట," అన్నాడు.
కాసేపాగి,
"నేను నిద్రపోయానమ్మా ఆ రాత్రి."