లిఫ్టులో గంప

లిఫ్టులోకి ఎర్రయ్యమ్మ గంపని రానిస్తున్నాం.
తీర్మానం పెట్టింది నేనే.
ఆ సాయంత్రం అద్దంలో
కాస్త పొడుగ్గా కనిపించాను.

అయిదో అంతస్తు దాకా ఊపిరి బిగబట్టుకుంటాను,
నవ్వు చెదరకుండా.
ఆమె దిగాక, ఇంట్లో అగరొత్తి.

నిన్న ఎదురింటి పార్వతీశం గారు,
హార్బరులో ముప్పయ్యేళ్లు ఓడలకి దారి చూపినాయన,
గుమ్మం దాటొచ్చి అడిగాడు:
"అల్పపీడనమంతన్నారు. నువ్వేటంతావమ్మా?"

ఆమె గంప దించింది.
మెట్ల కిటికీలోంచి
యారాడ కొండ మీది మబ్బుని చూసింది,
చాలాసేపు.
ఆయన చేతిలో పెన్ను, కదలకుండా.

"రాత్రికి గాలి తిరిగిపోద్ది బావూ.
రేపు ఏటకెల్లం."

ఏటకెల్లం, అని పైకే అనుకుంటూ
చీటీ మీద రాసుకున్నాడు,
'వేట' అని దిద్దకుండా.

తలుపు సందులో నేను,
ఇన్నేళ్లలో ఆమెని అడిగిన మాటలు వెతుక్కుంటూ.
ఒక్కటే దొరికింది:

"ఏ ఫ్లోరు?"